జేమాల్‌ల అణువు వెనక మన ఫోటో పెట్టుడు: ఒక్క ఫీచర్ మీద నా లొల్లి

ముందే చెప్తున్న, ఇది అణువుల బొమ్మలు కంప్యూటర్‌ల తిప్పి చూపించే జేమాల్ మొత్తానికి రివ్యూ కాదు. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ మీద తీర్పు చెప్పేటంతటోన్ని కాదు నేను. దాంట్ల ఉన్న ఒకే ఒక్క సౌలత్ గురించి, అంటే అణువు బొమ్మ వెనకాల ఉండే నల్ల తెర తీసేసి మనకు నచ్చిన ఫోటో పెట్టుకునుడు గురించి రాస్తున్న. చిన్న ముచ్చటే అనిపిస్తది గానీ దీనితోని నేను నాలుగు నెలల సంది కొట్లాడుతున్న, కొంత గెలిచిన, కొంత ఓడిన.

హనుమకొండల ఒక డిగ్రీ కాలేజీల బయోకెమిస్ట్రీ చెప్తా. మా ల్యాబ్‌ల కంప్యూటర్లు ఎట్లుంటయో ప్రభుత్వ కాలేజీల చదివినోళ్లకు చెప్పక్కర్లేదు, 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఊసే లేదు, రెండిటికి మౌసులు ఉంటే కీబోర్డులు ఉండవు. గసొంటి మిషన్ల మీద నడవాలె, పైస ఖర్చు ఉండొద్దు, పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని పోతే ఇన్‌స్టాల్ గొడవ లేకుంట తెరుచుకోవాలె. ఇన్ని షరతులు పెడితే నాకు మిగిలింది జేమాల్ ఒక్కటే. జిప్ ఫైల్ దింపుకొని విప్పుతే లోపల ఒక జార్ ఫైల్ ఉంటది, జావా ఉన్న కంప్యూటర్‌ల దాని మీద డబుల్ క్లిక్ కొడితే అయిపాయె. ఇది బొమ్మంతా ప్రాసెసర్ తోనే గీస్తది, గ్రాఫిక్స్ కార్డును అడగది, అందుకే మా ముసలి కంప్యూటర్లు గూడ మోస్తున్నయి. డాన్ గెజెల్టర్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ మొదలువెట్టిండట, తర్వాత అమెరికాల సెయింట్ ఓలాఫ్ కాలేజీల పని చేసిన బాబ్ హాన్సన్ ఏండ్లకేండ్లు దీన్ని పెంచి పెద్ద చేసిండు. కమాండ్లు చాలా మటుకు రాస్‌మాల్ అనే పాత అణువుల సాఫ్ట్‌వేర్ లెక్కనే ఉంటయి, అది వాడినోళ్లకు చేయి తొందరగ తిరుగుతది.

ఫిబ్రవరి 28 సైన్స్ డేకు మా డిపార్ట్‌మెంట్ నుంచి ఏదన్న పెట్టాలె అన్నరు. ప్రతి ఏడాది అదే థర్మాకోల్ డీఎన్‌ఏ నిచ్చెన, రంగుల స్ట్రాలు. ఈసారి ప్రొజెక్టర్ మీద నిజమైన హీమోగ్లోబిన్ తిప్పి చూపిద్దామనుకున్న. కమాండ్లు రాసే కన్సోల్‌ల లోడ్ అని కొట్టి, ఈక్వల్ గుర్తు పెట్టి పక్కనే హీమోగ్లోబిన్ నంబరు 4హెచ్‌హెచ్‌బీ అంటే చాలు, నెట్ ఉంటే ప్రొటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి అదే తెచ్చుకుంటది. నాలుగు గొలుసులు, మొత్తం 574 అమైనో ఆమ్లాలు, నాలుగు రంగులేసి తిప్పుతుంటే మస్తుగుంటది. కాకపోతే వెనక అంతా నలుపు. మా ప్రొజెక్టర్ బల్బు వయసైపోయింది, ఆ నలుపు బూడిద రంగుల పడుతది, అంతా మసక మసకగ శ్మశానం లెక్క. అప్పుడు తట్టింది ఫోటో పెడితే ఎట్లుంటదని.

కమాండ్ నిజంగ ఒక్క లైనే. బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ అని రాసి డబుల్ కోట్స్ నడుమ ఫోటో పేరు ఇయ్యాలె, ఎంటర్ కొడితే వచ్చి కూసుంటది. అణువును తిప్పినా, దగ్గరికి తెచ్చినా, దూరం కొట్టినా ఫోటో మాత్రం గోడకు అంటించినట్టు కదలది. వద్దనుకుంటే ఫోటో పేరు జాగల నన్ అని ఇస్తే పోతది. విండోస్‌ల పాత్ ఇచ్చేటప్పుడు అడ్డగీతలు ముందుకు వాలినవి పెట్టండి, వెనక్కి వాలినవి పెట్టి నేను అరగంట తల కొట్టుకున్న. ఇంకా సుఖం ఏందంటే ఫోటోను, అణువు ఫైల్‌ను ఒకే ఫోల్డర్‌ల పెట్టుకునుడు.

మొదటి ఫోటో ఏం పెట్టి ఉంటనో ఊహించుండ్రి. వరంగల్ మనిషి ఇంకేం పెడతడు, వేయి స్తంభాల గుడి. మా పిల్లడు ఒకడు ఫోన్‌ల నిలువుగ తీసిండు, చక్కటి ఫోటో. జేమాల్‌ల ఏస్తే గుడి అడ్డంగ పడుకున్నది! ఫోన్ నిలువుగ తీసిన ఫోటోను అడ్డంగనే దాచి, ఇది నిలువు ఫోటో అని లోపల ఒక చిన్న చీటీ రాసి పెడతది, జావా ఆ చీటీ చదవది. కథ అంతే. ఫోటోను ఏదన్న ఎడిటర్‌ల తెరిచి తిప్పి మళ్ల సేవ్ చేస్తే నిలబడ్డది. ఐఫోన్ వాడేటోళ్లకు ఇంకో ముచ్చట, హెచ్‌ఈఐసీ ఫోటోలు తెరుచుకోవు, జేపీజీ చేసి తెచ్చుకోవాలె.

గుడి నిలబడ్డంక చూస్తే స్తంభాలు లావైనయి. 1163ల రుద్రదేవుడు కట్టించినప్పుడు అంత బొద్దుగ లేవు. జేమాల్ ఏం చేస్తదంటే ఫోటోను కిటికీ సైజుకు నాలుగు దిక్కులా గుంజి అతికిస్తది, ఫోటో పొడుగు వెడల్పుల లెక్క దానికి పట్టది. మనది ఫోన్‌ల నిలువు 3:4 ఫోటో, ల్యాబ్ స్క్రీన్ 1366 బై 768, అంటే వెడల్పు రెండింతలకు పైనే సాగుతది. ఇది నాకు ఈ ఫీచర్ మీద ఉన్న పెద్ద కంప్లయింటు. సాగదీయకుంట మధ్యల పెట్టు, లేకపోతే అంచులు కోసి నింపు అనే ఆప్షన్ ఒక్కటి ఉంటే ఎంత బాగుండు. లేదు. కాబట్టి మనమే ముందే ఫోటోను స్క్రీన్ కొలతకు కోసుకోవాలె, మళ్ల ప్రొజెక్టర్ 1024 బై 768 ఉంటే దానికి ఇంకోటి కోసుకోవాలె. నా దగ్గర ఒక్కో ఫోటోకు రెండు కాపీలు ఉన్నయి ఇప్పుడు.

సరే కోసిన, పెట్టిన. ఇగ అణువు కనపడుతలేదు. కార్బన్‌కు ఇచ్చే రంగు బూడిద, గుడి రాయి రంగు గూడ బూడిదే, దాని మీద చెక్కిన తీగలు, పూసలు, ఏనుగులు వేరే. ఎక్కడ శిల్పం అయిపోయి ఎక్కడ ప్రొటీన్ మొదలైతదో దేవునికే తెల్వాలె. మా ల్యాబ్ అటెండర్ అన్న చూసి "సార్, గుడికి బూజు పట్టినట్టున్నది" అన్నడు. అంత కంటే ఖచ్చితమైన రివ్యూ నేను రాయలేను.

అప్పుడు అర్థమైంది, ఈ ఫీచర్‌ల కష్టమంతా కమాండ్‌ల లేదు, ఫోటో ఎంచుకునుడుల ఉన్నదని. మనకు మంచిగనిపించే ఫోటో వేరు, అణువు వెనక నిలబడే ఫోటో వేరు. నేను ఏడెనిమిది మార్చి మార్చి చూసిన. రామప్ప అట్లనే ఫెయిల్, శిల్పం ఎక్కువ. కోట తోరణం కొంత నయం, నడుమ ఖాళీ ఆకాశం ఉంటది గద, అణువును ఆ సందుల కూసోవెట్టొచ్చు, కానీ తిప్పంగనే కాళ్లు చేతులు తోరణానికి తగులుతుంటయి. గెలిచింది మాత్రం భద్రకాళి చెరువు. పూడిక తీసుడుకు నీళ్లు ఖాళీ చెయ్యకముందు పొద్దుమూకేటప్పుడు తీసిన పాత ఫోటో, మూడింట్ల రెండొంతులు ఆకాశం, కింద నీళ్లు, మూలకు చిన్నగ గుడి. దాన్ని జర మసక చేసి, వెలుగు తగ్గించి పెడితే దాని మీద హీమోగ్లోబిన్ నాలుగు రంగులు ఎట్ల తేలినయంటే మా ప్రిన్సిపల్ సార్ రెండు నిమిషాలు నిలబడి చూసిండు, ఆయన మామూలుగ ఏ టేబుల్ కాడ ఆగడు.

మిర్చి కథ గూడ చెప్పాలె. మా దగ్గర చదివే ఒక అమ్మాయి వాళ్ల నాయన చపాట మిర్చి పండిస్తడు, పోయిన సీజన్‌ల ఎనుమాముల మార్కెట్ యార్డుల కుప్పలు పోసినప్పుడు ఆమె తీసిన ఫోటో ఉన్నది. మన వరంగల్ చపాటకు 2025ల జీఐ ట్యాగ్ గూడ వచ్చింది గద, దాని మీద క్యాప్సైసిన్ పెడదాం సార్ అన్నది. ఐడియా బంగారం. మిర్చికి కారం ఇచ్చే అణువు అదే, 18 కార్బన్లు, 27 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్లు, మొత్తం 49 పరమాణువులు, చిన్నది, తేలికగ చూపించొచ్చు. లోడ్ అని కొట్టి కోలన్ పెట్టి ఇంగ్లీషుల దాని పేరు రాస్తే పబ్‌కెమ్ అనే రసాయనాల ఆన్‌లైన్ ఖజానా నుంచి దిగుతది. దిగింది, ఎర్రటి కుప్ప మీద కూసున్నది, మూడు ఆక్సిజన్లు మాయం! ఆక్సిజన్‌కు రంగు ఎరుపు గద. ఆమె ఫీల్ అయితదని ఫోటో మార్చలేదు, ఆక్సిజన్‌లను తెల్లగ చేద్దామంటే హైడ్రోజన్లు ఇప్పటికే తెల్లగున్నయి, పసుపు చేస్తే తెలిసినోళ్లు గంధకం అనుకుంటరు. చివరికి ఫోటోనే నలుపు తెలుపుకు దగ్గరగ రంగు దించేసి, మిర్చి ఆకారం మాత్రం తెలిసేటట్టు ఉంచినం. వాళ్ల నాయన సైన్స్ డే నాడు వచ్చి చూసిండు. "గింతదేనా గంత మంట పెట్టేది" అని నవ్విండు, ఆ తర్వాత రైతు అడిగే ప్రశ్న అడిగిండు: "మరి మా చపాటల ఇది తక్కువేనా?" తక్కువే, చపాటకు పేరు రంగుతోని వచ్చింది గానీ ఘాటుతోని కాదు అని బిడ్డనే చెప్పింది. ఈ క్యాప్సైసిన్ మన నాలిక మీద ఏ తలుపు తడుతదో కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021ల నోబెల్ వచ్చిందని నేను చెప్పబోతే అప్పటికే ఆయన పక్క టేబుల్‌కు పోయిండు.

ఇగ సాంకేతికంగ తగిలిన ముళ్లు. పెద్ద ఫోటో పెడితే తిప్పుడు నత్త నడక అయితది, ఎందుకంటే ప్రతి కదలికకు ఆ ఫోటోను గూడ మళ్ల గీయాలె, ఫోన్‌ల 12 మెగాపిక్సెల్ ఫోటో విప్పితే మెమరీల దగ్గర దగ్గర 48 ఎంబీ తింటది. స్క్రీన్ సైజుకు కుదించి పెట్టండి, తేడా మీకే తెలుస్తది. రెండోది, అణువు అంచులు రంపం పళ్ల లెక్క కనిపిస్తయి, నలుపు మీద అంత తెల్వది గానీ ఫోటో మీద కొట్టొచ్చినట్టు కనపడతది, సెట్ యాంటీఏలియాస్ డిస్‌ప్లే ఆన్ చేసుకుంటే నున్నగైతయి, దానికి జర స్పీడు తగ్గుతది, ఓర్చుకోవాలె. మూడోది నాకు చానా రోజులు అంతువట్టలే: దూరంగున్న భాగం మసకబారేటట్టు చేసే జెడ్ షేడ్ అనే సెట్టింగు ఉంటది, అది ఆన్ చేస్తే చెరువు మీద అణువు వెనక భాగం నల్లగ మసి పూసినట్టు అయింది. అది మసకబారేది ఫోటో లోకి కాదు, దాని కింద ఉన్న బ్యాక్‌గ్రౌండ్ రంగు లోకి, ఆ రంగు మామూలుగ నలుపు. అందుకే ముందు బ్యాక్‌గ్రౌండ్‌కు ఫోటోకు దగ్గరున్న రంగు ఒకటి ఇచ్చి, తర్వాత ఫోటో పెట్టండి. వరుస తప్పొద్దు.

ఈ సౌలత్ పైమాల్ అనే ఇంకో అణువుల సాఫ్ట్‌వేర్‌ల లేదా అని అడుగుతరు, ఉన్నది. అక్కడ బీజీ ఇమేజ్ ఫైల్‌నేమ్ అనే సెట్టింగు, మాటల నడుమ అండర్‌స్కోర్ పెట్టి రాయాలె, దాని తోడు బీజీ ఇమేజ్ మోడ్ అని ఇంకోటి ఉన్నది, సాగదీసుడా, మధ్యల పెట్టుడా, పలకల్లెక్క పరుసుడా మనమే ఎంచుకోవచ్చు. జేమాల్‌ల నాకు లేదని ఏడ్చిన ఆప్షన్ అదే! బొమ్మ అందం గూడ పైమాల్‌దే పైచేయి, రే అని కొడితే నీడలతో సహా పత్రికల అచ్చేసేటట్టు వస్తది. వారెన్ డిలానో 2000ల బయటికి తెచ్చిన సాఫ్ట్‌వేర్, ఆయన 2009ల పోయినంక ష్రోడింగర్ కంపెనీ చూసుకుంటున్నది, ఓపెన్ సోర్స్ రూపం ఫ్రీనే, టీచర్లకు స్టూడెంట్లకు చదువు వరకు ఫ్రీ కాపీ గూడ ఇస్తరు. కానీ మా ల్యాబ్‌ల గ్రాఫిక్స్ సంగతి చెప్పిన గద, నా సొంత లాప్‌టాప్‌ల నడుస్తది గానీ పిల్లల చేతికి ఇచ్చే పరిస్థితి లేదు. యూసీఎస్‌ఎఫ్ కైమెరా అనే మరో పాత అణువుల సాఫ్ట్‌వేర్‌ల గూడ ప్రిఫరెన్సెస్‌ల బ్యాక్‌గ్రౌండ్ కింద సాలిడ్, గ్రేడియంట్, ఇమేజ్ అని మూడు ఉంటయి, మౌస్ తోనే అయిపోతది. దాన్ని నేను ఎక్కువ వాడలే కాబట్టి ఎక్కువ చెప్ప.

ఇప్పుడు అసలు తప్పు, అది సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. మా క్లాసుల ఆదిలాబాద్ ఏజెన్సీ దిక్కు నుంచి వచ్చిన పిల్లలు ఉన్నరు, అక్కడ గోండు గూడేల్ల సికిల్ సెల్ జబ్బు ఉన్నది, వాళ్లకు పుస్తకం ముచ్చట కాదు అది. బీటా గొలుసుల ఆరో జాగల గ్లుటామిక్ ఆసిడ్ పోయి వాలీన్ వస్తది, అంతే తేడా. ఆ వాలీన్ పక్క హీమోగ్లోబిన్‌ల ఉన్న చిన్న గుంతల దూరి అతుక్కుంటది, అట్ల ఒకదానికొకటి అతుక్కుంట దారాలైతయి, రక్తకణం కొడవలి లెక్క వంగుతది. ప్రొటీన్ డేటా బ్యాంక్‌ల 2హెచ్‌బీఎస్ అనే ఎంట్రీ తెరిస్తే రెండు హీమోగ్లోబిన్లు పక్క పక్కన అతుక్కొని ఉన్నది కళ్లతోని చూడొచ్చు, ఆ ఒక్క వాలీన్‌కు పసుపు రంగు ఏసిన. దీని వెనక ఏ ఫోటో పెట్టాలె? గుడి, చెరువు ఎందుకు, మన మైక్రోస్కోప్ కంటికి ఫోన్ ఆనించి తీసిన రక్తం స్లైడ్ ఫోటోనే ఉన్నది గద అనుకొని పెట్టిన. లేత గులాబీ రంగు కణాలు, మసక అంచులు, రంగుల పొంతన చూస్తే చెరువు కన్న అద్భుతం. నేనే మురిసిపోయిన.

క్లాస్ అయినంక ఒక పిల్లడు వచ్చి "సార్, హీమోగ్లోబిన్ రక్తకణం కన్న పెద్దగుంటదా?" అని అడిగిండు.

నాకు నోట మాట రాలే. తెర మీద వాడు చూసింది అదే గద, పది కణాలను మింగేటంత పెద్ద ప్రొటీన్. నిజానికి హీమోగ్లోబిన్ ఐదారు నానోమీటర్లు, కణం ఏడెనిమిది మైక్రోమీటర్లు, అంటే వెయ్యి రెట్లకు పైనే తేడా, ఒక్క కణంల దాదాపు 27 కోట్ల హీమోగ్లోబిన్లు ఉంటయి. నలుపు తెర మీద ఉన్నప్పుడు ఎవనికీ ఈ అనుమానం రాలే, ఎందుకంటే నలుపుకు కొలత లేదు. చెరువు పెట్టినా రాలే, ఎవడూ ప్రొటీన్ భద్రకాళి చెరువంత ఉంటదని అనుకోడు గద. స్లైడ్ ఫోటో మాత్రం సబ్జెక్టుకు దగ్గరున్నది కాబట్టే నమ్మించింది, నమ్మించి తప్పు చెప్పింది. మర్నాడు క్లాసుల అదే బొమ్మ మళ్ల పెట్టి, మూలకు, తెర మీద అక్షరాలు రాసే ఎకో కమాండ్ తోని "వెనక ఫోటో కొలత వేరు, అణువు కొలత వేరు" అని రాసి, కణం మన ప్లేగ్రౌండ్ అంత ఉంటే హీమోగ్లోబిన్ టెన్నిస్ బాల్ అంతే అని చెప్పిన. వాడు తల ఊపిండు గానీ, మొదటి రోజు అడగకుంట ఇంటికి పోయినోళ్లు ఎంతమందో.

అచ్చేయించేటోళ్లకు ఒక మాట, ఫ్లెక్స్ కోసం బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ వాడకండి. తెర మీద తిప్పేందుకు అది మంచిగుంటది, అచ్చుకు అణువును వేరుగ పీఎన్‌జీటీ రకం కింద రాయించుకుంటే వెనక పారదర్శకంగ వస్తది, ఫోటో మీద మీకు నచ్చిన జాగల కూసోవెట్టుకోవచ్చు, సాగుడు గొడవ ఉండది. పెద్ద సైజు అడిగితే మా ల్యాబ్ కంప్యూటర్ మెమరీ లేదని మొరాయించింది, ఇంట్ల లాప్‌టాప్‌ల జావాకు ఎక్కువ మెమరీ ఇచ్చి తెరిస్తే 3600 బై 4800 వచ్చింది, మూడు అడుగుల బై నాలుగు అడుగుల ఫ్లెక్స్‌కు అది కావల్సినంత. అంత కష్టపడి పెన్‌డ్రైవ్‌ల ఇస్తే ఫ్లెక్స్ షాపాయన ఆ ఫైల్‌ను జేపీజీ చేసిండు, పారదర్శకం కాస్తా నల్ల డబ్బా అయింది, భద్రకాళి చెరువు నడుమ టీవీ పెట్టినట్టు. "ఫైల్ ల ఎట్లున్నదో అట్లనే కొట్టినం సార్" అన్నడు. సైన్స్ డేకు ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి. మళ్ల పైసలు కట్టి కొట్టించిన, ఆ నల్ల డబ్బా ఫ్లెక్స్ ఇప్పుడు మా స్టాఫ్‌రూమ్ కిటికీకి ఎండ తగలకుంట కట్టిన్రు.

ఫోన్‌ల చూడాలనే పిల్లలకు జేఎస్‌మాల్ ఉన్నది, అదే జేమాల్ బ్రౌజర్ రూపం, జావా అక్కర్లేదు, అదే జిప్‌ల వస్తది, అదే బ్యాక్‌గ్రౌండ్ కమాండ్. కానీ కంప్యూటర్‌ల ఆ పేజీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే క్రోమ్ మన ఫోల్డర్‌ల ఫైళ్లను చదవనియ్యది, బొమ్మ రాదు, సాఫ్ట్‌వేర్ ఖరాబైందని తిట్టుకోకండి. పైథాన్ ఉంటే ఆ ఫోల్డర్‌ల చిన్న సర్వర్ నడిపి దాని నుంచి తెరిస్తే వస్తది. ఫోటో గూడ అదే ఫోల్డర్‌ల ఉండాలె, వేరే వెబ్‌సైట్‌ల ఫోటో లింకు ఇస్తే చాలాసార్లు రాదు.

ఐదుకు మార్కులేయమంటే ఫీచర్‌కు మూడున్నర ఇస్త, సాగదీసుడు సరి చేస్తే నాలుగున్నర. మొన్న పక్క కాలేజీ మేడం ఒకామె ఫోల్డర్ అడిగితే పెన్‌డ్రైవ్‌ల జార్ ఫైలు, రెండు సైజుల చెరువు ఫోటో, మిర్చి ఫోటో ఏసి ఇచ్చిన. స్లైడ్ ఫోటో మాత్రం తీసేసిన.